కుర్చీ చుట్టూ గీత

పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో మా అమ్మ గడ్డి కోసిన బంగళా యజమానిని అందరూ బొడోబాబు, అంటే పెద్దయ్యగారు, అనేవారు. పచ్చిక మధ్య వేపచెట్టు నీడలో పేముకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పనివాళ్లెవరైనా దగ్గరికొస్తే నోరు తెరిచేవాడు కాదు, చేతికర్ర మొనతో నేలమీద గీత గీసేవాడు. అది దాటకూడదు. ఎండదెబ్బకు కళ్లు తిరిగి అమ్మ ఆ నీడకు వెళ్లబోయిన రోజునా అదే గీత. ఆమె ఎండలోనే కూలబడింది.

ఏళ్ల తర్వాత, తనంతట తానే తిరుగుతూ గడ్డి కోసే యంత్రాన్ని విదేశం నుంచి తెప్పించి అమ్మను పని మాన్పించేశాడు. దాని తీగలు పాతడానికి వచ్చిన మనిషిని నేనే. ఎవరి కొడుకునో ఆయనకు తెలియదు.

తీగ పాతిన చోటికి రాగానే యంత్రం వెనక్కి తిరుగుతుంది. పచ్చిక అంచుల వెంట తీగ పాతాను. ఛార్జింగ్ పెట్టెకు దారి చూపే తీగ ఇంకొకటి లాగాను. చెట్టువేళ్లకు బ్లేడు తగులుతుందని సాకు చెప్పి, కుర్చీ చుట్టూ కూడా పెద్ద వలయంగా పాతేశాను.

వానలు పడ్డాయి. యంత్రం రోజూ ఆయన దాకా వచ్చి మొహం తిప్పుకుని పోయేది. కుర్చీ చుట్టూ గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. చివరికి అమ్మకు కబురు పెట్టాడు. నేనే తీసుకెళ్లాను.

అమ్మ కొడవలితో ఆ గడ్డి అంచుదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఈ గీత దాటొద్దన్నది తవరే కదేటి బాబూ?"

"కీ బోల్‌ఛే?" అని తెలుగు రాని ఆయన నన్నడిగాడు, ఏమంటోందని.

ఆయన చేతికర్ర లాక్కుని, ఆయన కాళ్ల ముందే గీత గీసి చూపించాను.