నాన్న గొంతు కోసం కొన్న ముల్లు

పోర్టులో పని మానేశాక మా ఆయన పాత రికార్డు ప్లేయర్ ఒకటి బాగు చేసి పెట్టుకున్నాడు. రికార్డులన్నీ ఆయనవే, నాది ఒక్కటి. అది బుర్రకథ. కథ చెప్పినాయన వేరు. పక్కన డక్కీ కొడుతూ ‘తందాన తాన’ అనే ఇద్దరు వంతల్లో ఒకడు మా నాన్న. చేపల వేటకు పోని రోజుల్లో ఆ దళంతో ఊళ్లు తిరిగేవాడు. నాన్న పోయాక సరైన ఫొటో కూడా మిగల్లేదు. నాకు ఆయన ఆ రికార్డులోనే ఉన్నాడు.

మల్కాపురంలో మా వీధి చివర ట్యాంకర్లు తిరుగుతాయి. ట్యాంకరు పోయినప్పుడల్లా గోడ అదిరి, రికార్డు మీద ముల్లు ఎగిరి ముందుకు పడేది. మా ఆయన ముల్లు ఉండే తల మీద ఐదు రూపాయల బిళ్ల పెట్టి టేపు అంటించాడు. ఎగరడం మానింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ ఉపాయం చూపించుకునేవాడు. ఏడాది తిరిగేసరికి నాన్న గొంతులో ఇసుక పోసినట్టు గరగర మొదలైంది.

“రికార్డు పాతదైపోనాదే, ఏటి సేత్తాం?” అన్నాడు.

“పాతదైతే అంతా గరగరలాడాలి గదా మావా. గొంతెత్తిన కాడే ఎందుకు?”

ఆయన బిళ్లతో సహా ఆ తల ఊడదీసి సంచిలో వేసుకున్నాడు, నేను రికార్డు పట్టుకున్నాను. ఇద్దరం పూర్ణా మార్కెట్ దగ్గర పాత రేడియోల కొట్టుకు పోయాం. కొట్టతను మా ఆయనకు ఎరిగినవాడే. ముల్లును భూతద్దంలో చూసి నవ్వాడు.

“బావా, ఇది ముల్లా, గునపమా? బిళ్ల బరువుకి రికార్డు గాడి గోడలు దున్నీసినావు. గొంతెత్తిన కాడ గాడి ఎక్కువ వంకర్లు తిరుగుద్ది, ముందు అదే అరుగుద్ది.”

ముల్లును పట్టుకుని, దాని వణుకును పాటగా మార్చే చిన్న డబ్బా పేరు కాట్రిడ్జ్. అలాంటివి మూడు బల్ల మీద పెట్టాడు. చవకదాని ముల్లు మొన గుండ్రం. నడిమిది కోడిగుడ్డులా కోల. ఖరీదైనది మరీ సన్నం. మా ఆయన చెయ్యి ఖరీదైనదాని మీదికి పోయింది.

“మీ రికార్డు ఇటియ్యి అక్కా, ఇనిపిత్తాను.”

నేను దాన్ని చంకలోనే అదుముకున్నాను. “ఇదొద్దు. నీ కాడ ఏదైనా బుర్రకథుంటే ఎయ్యి.”

అరిగిన రికార్డే ఒకటి వెతికి తీశాడు. నేను కథ వినలేదు, వంతల్నే విన్నాను. చవకదానిలో ఇద్దరూ ఒక్క మనిషిలా ఉన్నారు. ఖరీదైనదానిలో డక్కీ తోలు బిగువు కూడా తెలిసింది గాని, గీతలన్నీ పోపు చిటపటల్లా పైకొచ్చాయి. నడిమిదానిలో ఇద్దరు మనుషులు విడివిడిగా నిలబడ్డారు, చిటపట వెనక్కి తగ్గింది.

“మరి ఆ సన్నదానికంత ధర ఎందుకు బాబూ?”

“రికార్డులు కొత్తగుంటే దానికి ఇలవ. మీవి అరిగిపోనాయి గదా. ఈ నడిమిదైతే ముల్లొక్కటే మార్చుకోవచ్చు. ఆ గుడ్డు మొన గాడిలో పాత ముల్లు అరగదియ్యని కాడ ఆనుకున్నా ఆనుకుంటాది, సూడండి.”

“కొనేది నానైతే, ఏరేది నువ్వేటే?” అన్నాడు మా ఆయన.

“పాడినోడు మా నాన్న,” అని నడిమిదే ఇమ్మన్నాను.

ఇంటికొచ్చి కొత్త ముల్లు బిగించి, గోడ అదురు తగలకుండా ప్లేయరు కింద మెత్తటి రబ్బరు ముక్కలు పెట్టాం. బిళ్ల పెట్టలేదు. నా రికార్డు వేశాం. గరగర పూర్తిగా పోలేదు గాని, ఇద్దరూ విడిపోయారు. ఒకటి బొంగురు గొంతు. ఇన్నాళ్లూ నాన్నదనుకుని విన్నది దాన్నే. రెండోది సన్నది. ఆ సన్నగొంతు ప్రతి ‘తాన’ తరవాత ‘హే’ అని చిన్నగా ఊపిరి లోపలికి పీల్చింది. పెద్దవల లాగేటప్పుడు వెనక్కి అడుగు వేస్తూ నాన్న పీల్చే ఊపిరి అది. ఒడ్డున ఆయన వెనక తాడు కొస పట్టుకుని పెరిగినదాన్ని, నాకు తెలీదా?

“మావా, అయితే ఇన్నాళ్లూ నాను ఎవులి గొంతు ఇన్నాను?”

“ఆ పక్క వంతాయనది. ఆయన కూతురెక్కడుందో, మీ నాన్న గొంతుని ఆల నాన్నదనుకుని ఇంటన్నాదేమో.”

మళ్లీ మొదటికి పెట్టమన్నాను. నేనెరిగిన నాన్నది బొంగురు గొంతే గాని, ఆ రికార్డు నాటికి ఆయనకు ఇంకా పెళ్లే కాలేదు. గొంతు సన్నగా ఉండక ఏమవుతుంది?