కాపలా లేని బళ్లు

మొన్న అల్వాల్‌లో అక్క మనవడి అన్నప్రాశనకు వెళితే, పిల్లలంతా ఫోనులో రాజ్యాలు కట్టే ఆట ఆడుతున్నారు. మా బావగారు కుర్చీ వాళ్ల దగ్గరకు లాక్కుని, ఒకప్పుడు ఇలాంటి ఆటలో బళ్లు నడిపిన బుర్ర తనదేనని చెప్పుకొచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బుర్ర నాది.

ఐటీ ఊపందుకున్న రోజుల్లో, కంప్యూటర్ కోర్సు చేసి ఖాళీగా ఉన్న నన్ను రాంగోపాల్‌పేట్‌లో, బట్టల కొట్టు పై అంతస్తులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో చేర్పించింది ఆయనే, మా టీముకు పెద్దా ఆయనే. మేం తయారుచేసే ఆటలో మొదటి ఊరు కట్టగానే కొత్త ఊళ్లు కట్టడానికి జనంతో బళ్లు పంపాలి. ఆలస్యమైతే మంచి నేల అవతలివాడు ఆక్రమిస్తాడు, తొందరపడితే దారిలో దొంగలు దోచుకుంటారు. కంప్యూటర్ తరఫున ఆ బళ్లను నడిపే ప్రోగ్రాం నేను రాశాను. శ్రీకాకుళం నుంచి నగరానికి వచ్చిన కొత్తలో నాన్న ముందు తానొక్కడే శివార్లలోని కాప్రా వెళ్లి, నీళ్లూ ఇరుగుపొరుగూ చూసుకున్నాకే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. నేనూ అదే పద్ధతి పెట్టాను: సిపాయిలు ముందు వెళ్లి దారి చూడాలి, ఆ తర్వాతే బండి కదలాలి.

ఆట కొనడానికి బొంబాయి వాళ్లు వచ్చే ముందురోజు, బళ్లు మరీ నిదానంగా ఉన్నాయని, నాతో మాటైనా చెప్పకుండా బావగారు ప్రోగ్రాంలోంచి ఆ సిపాయిల వరుసలు తీసేశారు. మర్నాడు వచ్చినవాళ్ల కళ్లెదుటే బళ్లన్నీ ఒక్కసారిగా బయల్దేరి, ఒకదాని వెనక ఒకటి దొంగల చేతికి చిక్కాయి. వాళ్లు పగలబడి నవ్వారు.

"ఏందమ్మా, గిట్లనా చేసేది? ఇజ్జత్ తీసినవ్ గదా!" అని యజమాని నా మీద ఎగిరాడు.

"మా మరదలు కొత్తది కదండీ, తొందరపడిపోయింది," అన్నారు బావగారు, నా వైపు చూడకుండా.

ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ ఆయన దగ్గరే ఉండేది, ఎవరు మార్చారో నాకు తెలుసు. కానీ నలుగురిలో బావగారికి ఎదురు చెబితే ఆ మాట అక్క కాపురంలోకి వెళుతుందని, మా ఇళ్లలో పెరిగిన ఏ ఆడపిల్లైనా చేసే తప్పే చేశాను, తల దించుకున్నాను. ఆ వారమే నన్ను టైపింగుకు మార్చారు. మళ్లీ ఆట రాయనివ్వలేదు. ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు, ఆయన మీద సగం, నా మీద సగం.

ఇప్పుడు ఎవరు ఏ వరుస మార్చారో కంప్యూటరే పేరుతో సహా చూపిస్తుందట. మా రోజుల్లో మనిషే నోరు విప్పాలి. మొన్న పిల్లల్లో ఒకరు, బళ్లు అలా ఎందుకు ఆగుతాయి తాతా అని అడిగితే ఆయన తడబడ్డారు. సిపాయిలు దారి చూసొచ్చేదాకా అన్న జవాబు నా నోటిదాకా వచ్చింది. అక్క నా వైపు చూసింది. నేను పాయసం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.