మందు కొట్టిన వరుస

చదువు పూర్తయిన ఏడాదే సంతోష్‌నగర్‌లోని ఒక చిన్న విత్తనాల కంపెనీలో చేరాను. డాబా మీద పన్నెండు రకాల మిరప మొక్కలు ఉండేవి. వాటన్నిటి మీదా ఆకుల రసం పీల్చే నల్లిని వదిలి, మందు కొట్టకుండా, ఏ రకం తట్టుకుంటుందో రాయడం నా పని.

త్వరలో అమ్మకానికి రాబోతున్న మా కంపెనీ రకమే అన్నిటికంటే ముందు ఆకులు ముడిచింది. జ్వరంతో పది రోజులు సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి ఆ వరుస ఒక్కటే కొత్త చిగుళ్లు వేస్తోంది. దగ్గరికెళితే మందు వాసన గుప్పుమంది.

నీళ్లు పోసే యాదయ్యను అడిగాను.

"మేనేజర్ సార్ రెండుసార్లు కొట్టమన్నడు బిడ్డా, గా ఒక్క వరుసకే," అన్నాడు తల దించుకుని.

ఒళ్లు మండిపోయింది. నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లాను.

"గింతదానికి లొల్లి ఎందుకమ్మా? నల్లిని తట్టుకుంటదని రిపోర్ట్ రాసెయ్," అని నవ్వాడు.



"మన మాట నమ్మి రైతు మందు కొట్టకుండ ఊకుంటడు సార్! తోట మాడిపోతే ఆయనకేం జవాబు చెప్తరు?" అని అరిచాను. ఆఫీసంతా లేచి నిలబడింది.

"నువ్వు రాయకుంటే ఇంకొకరు రాస్తరు. రేపట్నుంచి రావద్దు."

అక్కడే నిలబడి, 'మందు కొట్టారు, ఈ ఫలితం చెల్లదు' అని రిపోర్ట్‌లో రాసి సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని కంపెనీ యజమానికి పంపబోతుంటే యాదయ్య లోపలికొచ్చాడు.

"కొట్టింది నేను. నా పేరు గూడ ఉండాలె," అంటూ చిన్నప్పుడు నేర్చుకున్న ఉర్దూ అక్షరాల్లో మెల్లగా సంతకం చేశాడు.

మేనేజర్ ఆ రోజే ఇద్దరి ఉద్యోగాలూ తీసేశాడు. ఆ రకం మాత్రం యజమాని మళ్లీ చేయించిన పరీక్షలో ఓడిపోయి, రైతుల దాకా వెళ్లకుండా ఆగింది. మేనేజర్ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. దాన్ని చల్లార్చుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.