గట్టు టవర్ గదిలో మరచిన తీగ

పదకొండేళ్లుగా ఒక జానెడు తీగ నా మీద బరువై కూర్చుంది. దాన్ని పెట్టింది నేను. మరచిపోయింది నేను. ఉద్యోగం పోయింది మాత్రం ఖాజా భాయ్‌ది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను గద్వాలలో ఉండి మైక్రోవేవ్ రేడియోలు చూసుకునే టెక్నీషియన్‌ని. ఒక ఫోన్ టవర్ మీది డిష్ నుంచి ఇంకో టవర్ మీది డిష్‌కు గాలిలోనే సిగ్నల్ పోతుంది. కింద గదిలో దాని డబ్బాలుంటాయి. గట్టు అనే ఊరి నుంచి గద్వాల, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా టవర్లన్నీ గొలుసులా కలిసి ఉండేవి. పాత డబ్బాలు తీసేసి ఈథర్‌నెట్ మీద, అంటే కంప్యూటర్లను కలిపే పద్ధతిలో నడిచే కొత్త స్విచ్చింగ్ డబ్బాలు పెట్టమంది కంపెనీ. మరి శిక్షణ? మహబూబ్‌నగర్ హోటల్లో ఒక పూట తెర మీద బొమ్మలు చూపించి, బిర్యానీ పెట్టి పంపారు. దాన్ని శిక్షణ అన్నారు! మేమూ తలలూపి సంతకాలు చేశాం.

పాత లైన్లతో మాకొక అలవాటు ఉండేది. లైను బాగుందో లేదో తెలియాలంటే పోయే తీగను వచ్చే తీగతో కలిపేవాళ్లం. పంపింది మనకే తిరిగొస్తే లైను మంచిదే. ఆ ముడి విప్పడం మరచిపోయినా ఆ ఒక్క లైనే ఆగేది. పదిహేనేళ్లు ఆ పని చేసిన చేయి నాది. గట్టులో కొత్త డబ్బా బిగించగానే అదే పని చేసింది. తీగలు గుచ్చే రెండు పోర్టులను చిన్న తీగతో కలిపాను. దీపాలు వెలిగాయి. పని అయిందనుకున్నాను. బయట జీపు డ్రైవర్ హారన్ కొడుతుంటే తలుపు వేసి వచ్చేశాను.

ఈథర్‌నెట్‌లో ఆ ముడి ప్రాణాంతకం. సమాచారం దానిలో పడి తిరిగి తిరిగి, ఒకటి పదిగా, పది వందగా పెరిగి గొలుసు మొత్తాన్ని నింపేస్తుంది. ఆపే ఏర్పాటు డబ్బాలో ఉంది. దాన్ని ఆన్ చేయాలని నాకు తెలుసా? తెర మీద చూపించే ఉంటారు. నేను చూశానా? ఇప్పటికీ చెప్పలేను.

సాయంత్రం కొత్త లైన్ తెరిచారు. నాగర్‌కర్నూల్ దాకా ఫోన్లన్నీ మూగబోయాయి. మర్నాడు పొద్దున గట్టుకు పోయి గది తెరిచేసరికి నా తీగ నాకే ఎదురైంది. పీకి జేబులో పెట్టుకున్నాను. ఫోన్లు తిరిగొచ్చాయి. మేనేజర్ ఫోన్ చేసి ఏమైందని అడిగాడు. “తీగలు ఎవరో కదిలించినట్టున్నారు సార్” అన్నాను.

ఎవరో! ఆ గది తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉండేది. ఒకటి నా దగ్గర, రెండోది వాచ్‌మన్ ఖాజా భాయ్ దగ్గర. ఆ ఒక్క మాటతో నేను ఎవరి పేరు చెప్పానో నాకు తెలియదా?

రెండు రోజులకు మేనేజర్ హైదరాబాద్ నుంచి వచ్చి ఖాజా భాయ్‌ని ఎండలో నిలబెట్టి అడిగాడు. ఆయన దాచలేదు.

“ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటందుకు లోపటికి పోయిన సార్, అబద్ధం చెప్ప. గని డబ్బకు చెయ్యి గూడ తాకియ్యలే.” నా వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు సార్. తొమ్మిదేండ్ల సంది చూస్తున్నవ్. నేను గసొంటోన్నా?”

“మాపటికి నేను ఇక్కడ లేను గద ఖాజా భాయ్. నాకెట్ల తెలుస్తది?” అన్నాను.

నాకు తెలుసు. ఆ తీగను నా చేత్తోనే పెట్టాను, నా చేత్తోనే పీకాను. డబ్బా బిగించిన రోజు పని మధ్యలో ఆయన తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇస్తే తిన్నాను కూడా.

అక్కడికక్కడే ఆయన తాళంచెవి లాక్కుని పనిలోంచి తీసేశారు. నా కోపం నా మీదే మొదలవుతుంది, కానీ నా మీదే ఆగదు. ఏ పోర్టు ఎన్ని గంటలకు వెలిగిందో ఆ డబ్బా తనలో తానే రాసుకుంటుంది. చదవడానికి ఐదు నిమిషాలు చాలు. చదివితే నేను దొరికేవాడిని. నాకు ఏమీ నేర్పకుండా పంపిన వాళ్లూ దొరికేవారు. అందుకేనేమో, పెద్ద పెద్ద జీతాల వాళ్లు ఒక్కరూ దాన్ని తెరవలేదు. వాచ్‌మన్ చేశాడంటే అందరికీ సుఖం. ఆ ఏడాది చివర కొత్త టవర్ లైన్ల పని బాగా చేశానని నాకు శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను.

పోయిన నెలలో వేరే పని మీద గట్టుకు పోయాను. బస్టాండ్ పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే, ఎదురుగా పంక్చర్ షాపు దగ్గర ఎవరో నవ్వుతూ అరిచారు. “ఓ టవర్ ఖాజా! మా ట్యూబుల గూడ వైర్లు పీకేవు, జర పైలం!” హోటల్ బెంచీల మీదున్న వాళ్లంతా నవ్వారు. ట్యూబు రుద్దుతున్న మనిషి తలెత్తలేదు. గడ్డం నెరిసింది. అయినా గుర్తుపట్టాను.

పదకొండేళ్లూ ఆ ఊరు ఆయనను అలాగే పిలుస్తోందా? పోయింది ఉద్యోగమొక్కటే అనుకుని ఇన్నాళ్లు ఎలా నిద్రపోయాను?

రోడ్డు దాటి వెళ్లాను. చెప్పాను. తీగ నాదని, పీకింది నేనేనని, అబద్ధం నాదని. ఆయనొక్కరికే వినబడేంతగా చెప్పాను.

ఆయన చేతిలోని ట్యూబు కింద పెట్టాడు. ఎదుటి బెంచీల వైపు చూశాడు.

“జర గట్టిగ చెప్పు సార్. గా హోటల్ల కూసున్నోళ్లకు గూడ ఇనబడాలె.”

హోటల్ వైపు తిరిగి మళ్లీ చెప్పాను, అరిచినట్టే. చాయ్ గ్లాసులు నోటి దాకా పోయి ఆగిపోయాయి. ఖాజా భాయ్ మాత్రం నన్ను కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. మళ్లీ ట్యూబు అందుకుని రుద్దడం మొదలుపెట్టాడు. నేను రోడ్డు దాటి వచ్చేశాను.

ఆ మాట అక్కడ రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఇక్కడ రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.