శుక్రవారం అన్నం

ఆ శుక్రవారం మరియమ్మ నాయనమ్మ అన్నం నేను తినేశాను. ఇప్పటికీ శ్రమకాలంలో ఆఫీసులో ఎవరి క్యారేజీ నుంచైనా గోంగూర వాసన వస్తే, నాకు ముందు కలిగేది ఆకలి కాదు, భయం.

మా ఊరు ప్రత్తిపాడు దగ్గర. నా చిన్నప్పుడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలంలో అమ్మ ప్రతి శుక్రవారం ఉపవాసంతోనే మిరపకోతకు వెళ్లేది. తన మధ్యాహ్నపు గోంగూర అన్నం, మా వీధి చివర మంచాన పడి ఉన్న, నేను నాయనమ్మా అని పిలిచే ముసలి మరియమ్మకు నా చేత పంపేది. ఆ శుక్రవారం మాత్రం, అమ్మ తినదు కాబట్టి అది ఎవరిదీ కాని అన్నం అనుకున్నాను. మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్కన కూర్చుని గిన్నె ఖాళీ చేశాను. అమ్మ వచ్చి "ఇచ్చావా?" అంటే తలూపాను. తినడం తెలియక చేశాను. తలూపడం తెలిసే చేశాను.

సాయంత్రం గుడిలో పాస్టరుగారు, మనం మానుకున్న ముద్ద ఆకలిగా ఉన్నవాళ్లకు చేరితేనే ఉపవాసం అన్నారు. ముసలామె ఆకలికి చచ్చిపోయి ఉంటుందని ఆమె ఇంటికి పరిగెత్తాను. లోపల చప్పుడు లేదు. తలుపు నెట్టాను.

"ఎవర్రా అది?"

"నేను, నాయనమ్మా. నీ అన్నం నేనే తినేశా."

"ఓరి నీ! మీ అమ్మకీ నాకూ ఉపవాసం పెట్టి, నువ్వు పండగ చేసుకున్నావంట్రా?"

ఆమె నవ్వింది కానీ నా భయం తగ్గలేదు. ఇంటికెళ్లి అమ్మకు నిజం చెప్పాను. నాకు వడ్డించిన అన్నం పట్టుకుని మళ్లీ వెళ్లి, ఆమె ఆఖరి ముద్ద మింగేదాకా మంచం పక్కనే కూర్చున్నాను.