‘తగలదు’ అని రాసిన సొంబ్రు

సొంబ్రు పోయాడు.

నిన్న మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా వాడు పనిచేసే స్కూల్ హెడ్మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. నాలుగు రోజులుగా జ్వరమట. జీపులో కిందికి తీసుకొస్తుంటే ఘాట్ రోడ్డు దిగేలోపే ప్రాణం పోయిందట.

"సరే సార్" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, బోర్డు మీద సగంలో ఆపిన లెక్క పూర్తి చేశాను. ఆన్సర్ కూడా కరెక్టుగానే వచ్చింది.

ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. టీ తాగాను. పేపర్ చదివాను. పిల్లల రికార్డులు దిద్దాను. నాకేమైందో నాకే తెలియట్లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కొర్రా సొంబ్రు నా క్లాస్‌మేట్. తొంభైల్లో టెన్త్, ఇంటర్ అరకులో కలిసి చదువుకున్నాం. వాడిది కొండ మీద ఊరు, మాది సంత దగ్గర కిరాణా కొట్టు. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఒరే సావుకారీ" అనేవాడు. తర్వాత ఆశ్రమ పాఠశాలలో సైన్స్ మాస్టారయ్యాడు. నేను పార్వతీపురంలో ఫిజిక్స్ చెప్పుకుంటున్నాను.

టెన్త్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఇటుకల పండక్కి వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. ఆ పండక్కి మగాళ్లు వేటకెళ్లాలి. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు.

బయల్దేరే ముందు నా చేతికి విల్లిచ్చి, దూరంగా ఒక చెట్టుకి సుద్దతో గుండ్రంగా గీసి కొట్టమన్నాడు. సూటిగా గురి చూసి వదిలాను. బాణం వెళ్లి చెట్టు మొదట్లో గుచ్చుకుంది.

"సూటిగా సూత్తే ఎలాగరా? ఇడిసిన కాడ్నుంచీ బాణం పడతానే ఉంటాది. అదెంత పడతాదో అంత పైకి సూడాల" అన్నాడు.

ఆ రోజు మాకేమీ దొరకలేదు. వాళ్లమ్మ కొత్తవాడినని కూడా చూడకుండా ఇద్దరికీ సమానంగా పోసింది. చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన పోలేదు. ఇంట్లో నాన్న చేత చీవాట్లు తిన్నాను.

ఇంటర్ ఫస్టియర్‌లో ప్రొజెక్టైల్ మోషన్ చెప్పారు. యూనిట్ టెస్టులో ఆ పాత ప్రశ్నే ఇచ్చారు. కొమ్మ మీద కోతి ఉంది. వేటగాడు గురిపెట్టి బాణం వదిలిన క్షణంలోనే కోతి కొమ్మ వదిలేసి కిందపడుతుంది. బాణం తగులుతుందా?

పుస్తకం ప్రకారం తగులుతుంది. సూటిగా గురిపెడితే బాణమూ కోతీ ఒకే లెక్కన కిందికి పడతాయి, దారిలో కలుస్తాయి.

సొంబ్రు "తగలదు" అని రాశాడు.

సున్నా వచ్చింది.

లేచి నిలబడ్డాడు. "కోతి కొమ్మ మీదే ఉంటాదనుకుంటేనే గదా సార్ కొడతాడు? అలాగైతే దాని మీదకి కాదు, దానికి పైకి గురి పెడతాడు. అది పడిపోతే బాణం పైనుంచి ఎలిపోతాది. సూటిగా ఎవులు కొడతారు సార్?"

ముందు బెంచీలన్నీ నవ్వాయి. మా లెక్చరర్ మంచివారే, కానీ ఆ రోజు చిరాకులో ఉన్నారు. "వీడు చెప్పింది రైటని అనిపించినవాళ్లు చెయ్యెత్తండి" అన్నారు.

వాడు నా వైపే చూశాడు. నాకు తెలుసని వాడికి తెలుసు.

నా పేపర్ మీద ఫుల్ మార్కులున్నాయి. నేను చెయ్యెత్తలేదు.

బయటికొచ్చాక వాడు "బేగి రారా, బస్సు ఎలిపోద్ది" అన్నాడంతే.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి వాళ్ల స్కూల్‌కి వెళ్లాను. పిల్లల్ని కొండ అంచున వరసగా నిలబెట్టి రాళ్లు విసిరిస్తున్నాడు. శాటిలైట్ పాఠమట.

"జోరుగా ఇసిరితే దూరంగా పడతాది. ఇంకా ఇంకా జోరుగా ఇసిరితే, రాయి పడతన్న కొద్దీ కింద భూమి కూడా వంగిపోతాది. ఇంక నేల అందదు. పడతానే తిరుగుతాది" అని చెబుతున్నాడు.

ఒక గుంటపిల్ల అడిగింది. "పడతన్నాదని దానికి తెలుస్తాదా మాస్టారూ?"

"తెలీదమ్మా. లోపలున్నవన్నీ దాంతోపాటే పడతన్నాయి గదా. బరువే తెలీదు."

నిన్నటి నుంచి నేనూ అలాగే ఉన్నాను.

సరే, అసలు విషయానికి వస్తాను. ఈ పోస్ట్ రాస్తున్నది అందుకే.

నా స్టూడెంట్స్ చాలామంది ఇది చదువుతారు. ఏటా ప్రొజెక్టైల్స్ మొదటి రోజు నేను చెప్పే కోతి కథ మీకు గుర్తుండే ఉంటుంది. "పుస్తకంలో వేటగాడికి వేట రాదు" అని మొదలుపెడతాను. మీరు చప్పట్లు కొడతారు. "సార్ థింకింగే వేరు" అని ఒకరిద్దరు ఇక్కడే రాశారు కూడా.

నేను కాదనలేదు. వినడానికి బాగానే ఉండేది.

సొంబ్రుకి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు వాళ్ల స్కూల్లో నోటిదాకా వచ్చింది. టీ తాగి, మళ్లీ కలుద్దాం అని వచ్చేశాను. సిగ్గేసింది. ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది.

పిల్లలూ, ఆ ఆలోచన నాది కాదు. కొర్రా సొంబ్రుది. దానికి వాడికి సున్నా వేశారు. నాకు చప్పట్లు కొట్టారు.

వాడిది రైటని ఆ రోజే నాకు తెలుసు.

వెళ్లిరా సొంబ్రూ. ఎక్కడున్నా చల్లగా, నిమ్మళంగా ఉండు.