చాపలేని కాలు

తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర మా నల్లరేగడి చేలో గొంతుక్కూర్చుని మినుము పీకుతున్నాను. లేవబోతూ పక్కకు తిరిగేసరికి కుడి మోకాలి లోపల ఏదో పట్టేసింది. కాలు చాపుదామంటే రాలేదు. చేలో ఉన్నవాళ్ళు ఇంటికి మోసుకొచ్చారు.

మొదట చూసిన డాక్టరు కాలు ముట్టుకోకుండానే ఎక్స్‌రే తీయించి, ఎముక బాగుందన్నాడు. ఆ మాటే నన్ను ఇరికించింది. బాగున్న కాలు ఎందుకు చాపవని ఇంటిల్లిపాదీ అడిగేవాళ్ళు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద వాకిలి దాకా పోవడం, మళ్ళీ మంచం మీదికే రావడం. మాతోనే ఉండే పెద్దాడబిడ్డది రోజూ ఒకటే పోరు.

"ఏమే, ఎముకలో ఒగటీ లేదంట గదా? సుమ్మా మడిచి పెట్టుకోని ఉండావు. కాలు గట్టిగా నీట్టి చూడు, చాపి చూడు."

"నీట్టేకి వస్తే నీట్టనా వదినా?"

చివరికి ఆమే నన్ను విరుదునగర్‌లో ఒక ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. బస్సులో ముందు సీటుకు మోకాలు ఆనుకుపోయింది. కదపలేను, దిగలేను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి, ముందు బాగున్న మోకాలిని వంచి చాపి చూసింది. తర్వాత కుడి మోకాలి మీద అరచెయ్యి బోర్లించి వేడి చూసింది. మోకాలి చిప్పకు పైన ఒక చేత్తో కిందికి ఒత్తి, రెండో చేతి వేలితో చిప్పను నొక్కింది. లోపల నీరు చేరిందంది. ఎముకలు కలిసే సందు వెంబడి బొటనవేలితో నొక్కుతూ వస్తే, లోపలివైపు ఒకచోట ప్రాణం పోయినంత పనైంది. మడమ పట్టి మెల్లగా చాపబోతే కాలు సగంలో ఆగి, రబ్బరులా వెనక్కి వచ్చింది.

అప్పుడామె ఆడబిడ్డ చెయ్యి తీసుకుని నా మోకాలి మీద పెట్టించి, మళ్ళీ చాపబోయింది.

"తెలుస్తోందా? మోకీలులో మెత్తటి పొర చీలి ఎముకల మధ్య ఇరుక్కుంది. ఎక్స్‌రేలో అది కనబడదు. బలవంతంగా లాగకండి" అంది తమిళంలో.

ఆడబిడ్డ చెయ్యి తీయకుండానే నా వైపు తిరిగింది.

"నిజందా మే. లోపల ఏమో అడ్డం ఉండాది."

అన్నాళ్ళూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

స్కాన్‌లోనూ అదే తేలింది. చిన్న ఆపరేషనుతో కాలు చాపగలిగాను. గొంతుక్కూర్చోవద్దన్నారు కనుక చేని పని పోయింది. అందరూ చేలోకి వెళ్ళాక నేనొక్కదాన్నే ఇంట్లో కుర్చీలో కూర్చుని కూరలు తరుగుతాను. లేచేముందు ఇప్పటికీ మోకాలి మీద చెయ్యి వేసుకుని, పట్టేస్తుందేమోనని కాస్త ఆగుతాను.